ఆడెపు రత్నాకర్ మొదటి చప్పట్లు

సిద్దిపేట చరిత్ర రాసినవాళ్లు చెరువుల గురించి రాశారు, జిల్లా ఏర్పడిన తేదీ రాశారు, ఏ రోడ్డు ఏ సంవత్సరంలో వెడల్పయిందో కూడా రాశారు. కాని ఊళ్లో జరిగే సభల్లో మొదటి చప్పట్లు ఎవరు కొడతారన్న సంగతి ఒక్కరూ రాయలేదు. ఇది చిన్న లోపం కాదు. రెండో చప్పట్లు ఎవరైనా కొడతారు. వాటికి ధైర్యం అక్కర్లేదు. రెండు వందల మంది ఊపిరి బిగబట్టి కూర్చున్న హాల్లో, తన రెండు అరచేతుల పూచీ మీద నిశ్శబ్దాన్ని ముగించేవాడు మాత్రం ఒక్కడే ఉంటాడు. సిద్దిపేటలో ముప్పై ఒక్క సంవత్సరాలుగా ఆ ఒక్కడు ఆడెపు రత్నాకర్.

రత్నాకర్‌ది నేత కుటుంబం. తండ్రి మగ్గం మీద బతికాడు. ఈయన నీటిపారుదల శాఖలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేసి మూడేళ్ల కింద రిటైరయ్యాడు. చప్పట్ల పనికి ఆయన్ను ఎవరూ నియమించలేదు, ఉత్తర్వులేవీ రాలేదు. ఒకప్పుడు గ్రంథాలయ వారోత్సవాల్లో, పైనుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ప్రసంగం ఆపి నిలబడ్డాడట. అయిపోయిందో, మంచినీళ్ల కోసం ఆగాడో ఎవరికీ అంతుచిక్కలేదు. మూడో వరుసలోంచి రత్నాకర్ చప్పట్లు కొట్టాడు. హాలంతా అందుకుంది. పెద్దమనిషి నమస్కారం పెట్టి కూర్చున్నాడు. ఆ రోజు రత్నాకర్ కొట్టింది దోమనని గిట్టనివాళ్లు అంటారు. ఆ వాదనకు ఆధారాలు లేవు.

అప్పటినుంచి జనం ఆయన చేతులవైపు చూడడం మొదలుపెట్టారు. చూడగా చూడగా ఆయనకు ఒక శాస్త్రం ఏర్పడింది. వక్త "చివరగా ఒక్క మాట" అన్నప్పుడు కొట్టకూడదు. ఒక ప్రసంగంలో సగటున మూడు చివరలుంటాయి. కండువా సర్దుకుంటే కొట్టకూడదు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుంటే కొట్టవచ్చు. ఇవి మామూలు నియమాలు. వీటన్నిటి మీదా ఒక అసాధారణ నియమం ఉంది: కూర్చోబెట్టే చప్పట్లు. వక్త హద్దు దాటినప్పుడు, వాక్యం మధ్యలో, రత్నాకర్ ఉన్నట్టుండి గట్టిగా మొదలుపెడతాడు. సభంతా కలుస్తుంది. వక్త తనను మెచ్చుకుంటున్నారనుకుని, వాక్యాన్ని అక్కడే వదిలి, చేతులు జోడించి కూర్చుంటాడు. ఎవరి మనసూ నొచ్చుకోదు. ముప్పై ఒక్క సంవత్సరాల్లో ఆయన దీన్ని పదకొండుసార్లే ప్రయోగించాడు. గంటా యాభై నిమిషాలు మాట్లాడిన ఒక అతిథి తర్వాత కృతజ్ఞతలు తెలుపుతూ ఉత్తరం కూడా రాశాడు.

అందుచేత సిద్దిపేటలో సభలకు వెళ్లే ప్రతి మనిషికీ ఒక సంగతి స్పష్టంగా తెలుసు. ముగింపులో కొడితే మర్యాద. మధ్యలో కొడితే, ఇక చాలు, కూర్చో అని.

రత్నాకర్ దంపతులకు ఒక్కతే కూతురు, రుచిత. గురుకుల పాఠశాలలో చదువుతున్నప్పుడు ఆమెను బ్యాండులో వేశారు. పరేడ్‌లో వెనక వరుసలో నిలబడి బాకా ఊదేది. చప్పట్లన్నీ ముందు జెండా పట్టుకున్న పిల్లకు పోయేవి. ఆ చప్పట్లు మొదలుపెట్టింది కూడా రత్నాకరే, నియమం అటువంటిది. ఇప్పుడు రుచిత హైదరాబాదులో ఒక కంపెనీలో పనిచేస్తూ, సాయంత్రాలు సికింద్రాబాద్‌లోని ఒక పెద్ద జాజ్ బ్యాండులో ట్రాంబోన్ వాయిస్తోంది. ట్రాంబోన్ అంటే పొడుగాటి ఇత్తడి బాకా. దాని గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ ఊదాలి. రుచిత తల్లి యాదలక్ష్మి దాన్ని మొదటిసారి చూసి, "సైకిల్‌కు గాలి కొట్టుడు ఇంట్ల గూడ నేర్సుకుంటుంటివి గదనే" అంది.

బ్యాండులో పద్దెనిమిది మంది. నాయకుడు ఓంప్రకాశ్. వాళ్ల ప్రత్యేకత ఏమిటంటే, లోకమంతా నాలుగు దెబ్బల తాళంలో వాయించే చోట వాళ్లు అయిదు, ఏడు, పదకొండు దెబ్బల్లో వాయిస్తారు. ఎందుకని రత్నాకర్ ఒకసారి అడిగాడు.

"నాలుగు అందరు వాయిస్తరు బాపూ," అంది రుచిత.

ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు పనిచేసినా ఇంత సూటి సమాధానం ఆయనకు ఎక్కడా దొరకలేదు. ఊళ్లోని కళా సంస్థ వార్షికోత్సవానికి ఈ బ్యాండును పిలవాలని ఆయనే ప్రతిపాదించాడు. ఒప్పుకున్నారు. ఏడు దెబ్బల పాటలో రుచితకు ఒక సోలో ఉంది: ఒక్కతే లేచి నిలబడి వాయిస్తుంది, మిగతావాళ్లు వెనకనుంచి సాయం పడతారు. ముప్పై ఒక్క సంవత్సరాలు ఊళ్లోవాళ్ల పిల్లలందరికీ మొదటి చప్పట్లు కొట్టిన మనిషికి, సొంత బిడ్డకు కొట్టే అవకాశం ఇదే మొదటిది. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. కాని అరచేతులకు కొబ్బరినూనె రాసుకోవడం యాదలక్ష్మి చూసింది.

రెండు వారాల ముందే ఫోన్ చేశాడు.

"పాట యాడ ఐపోతదో నాకెట్ల తెల్వాలె బిడ్డా?"

"వాయించుడు బందైతే ఐపోయినట్టే బాపూ."

"నువ్వు పంపిన వీడియోల నడుమల్నే రెండుసార్లు బందైంది."

"గది గ్యాపు. మేం బాకాలు ఒడిల వెట్టుకున్నమంటె ఐపోయినట్టు. ఇంకోటి, నడుమల చప్పట్లు కొట్టకున్రి. మొన్నొక్క కాడ మేం ఏడు వాయిస్తుంటె జనం నాలుగు లెక్కన చప్పట్లు కొట్టుకుంట కూసున్నరు. డ్రమ్స్ అన్న ఆగమైండు."

"నడుమల కొట్టుడేంది బిడ్డా. గంత తెల్వదా నాకు."

రుచిత చెప్పింది తాళం వేయవద్దని. రత్నాకర్ విన్నది, పాట పూర్తయ్యేదాకా చేతులు కలపవద్దని. అది ఆయన శాస్త్రానికి అచ్చంగా సరిపోయింది కాబట్టి మళ్లీ అడగవలసిన అవసరం కనబడలేదు.

మిగిలింది ఏడు లెక్కపెట్టడం. ఏడు రోజులు చేతిలో ఉండగా వేరే లెక్క ఎందుకని, దెబ్బకొక వారం పేరు పెట్టుకున్నాడు. మొదటి దెబ్బ బలంగా పడుతుంది గనుక అది ఐతారం. ఐతారమంటే ఆదివారం, మటన్ తెచ్చే రోజు. ఎవరూ మరచిపోయే దెబ్బ కాదు. రుచిత సోలో ఏడు దెబ్బల రౌండ్లు పదహారు. బొటనవేలు వదిలేస్తే నాలుగు వేళ్లు, వేలికి మూడు కణుపులు, ఒక కొన, మొత్తం పదహారు. శరీరం కూడా సహకరిస్తోందని ఆయనకు సంతృప్తి కలిగింది. పొద్దునా సాయంత్రం వీడియో పెట్టుకుని, కణుపుల మీద బొటనవేలు నడిపిస్తూ, "ఐతారం, సోమారం, మంగళారం" అని గొణుక్కునేవాడు. దెబ్బలు తప్ప రాగం చెవిన పడనిచ్చేవాడు కాదు.

"ఇయ్యాల బుధారం," అనేది యాదలక్ష్మి వంటింట్లోంచి. "ఎన్నిసార్లు అడుగుతవయ్యా?"

వార్షికోత్సవం ఆదివారం సాయంత్రం ఆరింటికి. హాల్లో రెండు వందల మందికి పైగా వచ్చారు. ముందు వరుసలో రత్నాకర్, కుడిపక్క యాదలక్ష్మి, ఎడమపక్క చిన్ననాటి స్నేహితుడు సిద్ధయ్య. సిద్ధయ్య వకీలు. కేసు లేని సాయంత్రాల్లో సభలకు వస్తాడు. కేసున్న సాయంత్రాల్లో కూడా వస్తాడు. వేదిక మీద నల్లకోట్లు వేసుకుని పద్దెనిమిది మంది, మెరిసే ఇత్తడి వాద్యాలు. రుచిత వెనక వరుసలోనే ఉంది.

"మళ్ల వెనకనే నిలవెట్టిన్రు పోరిని," అంది యాదలక్ష్మి.

"వంతొస్తే లేస్తది," అన్నాడు రత్నాకర్.

మొదటి పాట అయిదు దెబ్బలది. బ్యాండంతా ఒక్కసారి అందుకునేసరికి ముందు వరుస కుర్చీలు కొంచెం వణికాయి. తర్వాత ఒక పొడుగాటి మనిషి శాక్సఫోన్ పట్టుకుని లేచాడు. చాలా బాగా వాయించాడు. తన వంతు ముగించి, వెనక బ్యాండు వాయిస్తుండగానే, జనంవైపు చూశాడు.

జనంలో చప్పుడు లేదు. రెండు వందల మంది చేతులు ఒళ్లో పెట్టుకుని, నిటారుగా, రత్నాకర్ తల వెనకభాగం వైపు చూస్తున్నారు. రత్నాకర్ చేతులు కదలలేదు.

శాక్సఫోన్ మనిషి ఓంప్రకాశ్‌ను చూశాడు. ఓంప్రకాశ్ వేలు ఎత్తాడు, మరొక్కసారి అని. ఆ మనిషి మళ్లీ మొదటినుంచి వాయించాడు. ఈసారి కళ్లు మూసుకుని, మోకాళ్లు వంచి. ముగించి మళ్లీ చూశాడు.

"రత్నం," అన్నాడు సిద్ధయ్య, పెదాలు కదపకుండా. "ఆయన మనదిక్కే జూస్తుండు."

"జూడనీయ్."

"ఏమన్న ఆశవడుతుండంటవా?"

"మంచిగ వాయిస్తున్నోన్ని కూసోమంటమా? మర్యాద తప్పొద్దు."

సిద్ధయ్య ఒప్పుకున్నాడు. శాక్సఫోన్ మనిషి మూడోసారి కూడా వాయించి, చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు. అతనికి దక్కనిది తనకైనా దక్కాలని ట్రంపెట్ మనిషి ఇంకా పైస్థాయికి వెళ్లాడు. ఒక దశలో ఆ ధ్వని మనుషులకన్నా కుక్కలకే ఎక్కువ వినిపించి ఉంటుంది. ఈ ఊరివాళ్లకు మోత నచ్చడం లేదేమోనని పియానో మనిషి మెల్లగా, బతిమాలినట్టుగా వాయించాడు. డ్రమ్స్ మనిషి తన దగ్గరున్నవన్నీ కొట్టి, చివరికి కుర్చీ కాలు కూడా కొట్టాడు. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. ఆ హాల్లో అంత క్రమశిక్షణ అంతకుముందు ఎన్నడూ కనబడలేదు. ఎనిమిది నిమిషాల పాట ఇరవై ఆరు నిమిషాలు నడిచింది.

పాటలో రెండుచోట్ల అందరూ ఒక్కసారిగా ఆగారు. రెండుసార్లూ హాలు ముందుకు వంగింది. రెండుసార్లూ రత్నాకర్ కదలలేదు. మూడోసారి ఆగినప్పుడు బాకాలు ఒళ్లోకి దిగడం చూసి, అరచేతులు కలిపాడు. రెండు వందల మంది ఉరుము ఉరిమినట్టు అందుకున్నారు. ఓంప్రకాశ్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

పదకొండు దెబ్బల పాట కూడా ఇదే దారిలో సాగి, ఇరవై తొమ్మిది నిమిషాలు తీసుకుంది. విరామం ఇచ్చారు.

రుచిత మెట్లు దిగి నేరుగా వచ్చింది.

"బాపూ, మీ ఊరోళ్లకేమైంది?"

"నీ ఊరు గాదా?"

"సోలో ఐనంక ఒక్కలన్న చప్పట్లు కొట్టలే. శాక్సఫోన్ అన్న లోపట గోడదిక్కు మొకం వెట్టి కూసున్నడు. నీళ్లిస్తె తాగుతలేడు."

"నడుమల కొట్టద్దంటివి గదా బిడ్డా."

"తాళం ఎయ్యొద్దన్న. సోలో ఐపోంగనే కొట్టాలె, పాట నడుస్తున్నా సరే. జాజ్‌ల గదే మర్యాద."

"నడుమల కొడితె కూసోమన్నట్టు గాదా?"

"ఎవలు జెప్పిన్రు నీకు?"

ఆ నియమం పెట్టింది రత్నాకరే.

"ఎనిమిదిన్నరకు హాలు ఖాళీ చెయ్యాల్నంట," అంది రుచిత. "అందరు మూడేసి సార్లు వాయించిరి. నా సోలో ఉంటదో పోతదో సారు చెప్తలేడు." అనేసి గొట్టాన్ని సరిచేసుకుంటూ వెళ్లిపోయింది.

రత్నాకర్ ఎదుట రెండు మార్గాలున్నాయి. ఒకటి, వేదికెక్కి, ముప్పై ఒక్క సంవత్సరాలుగా తాను నేర్పిన శాస్త్రం ఈ సాయంత్రానికి చెల్లదని ప్రకటించడం. కాని ఆయన ఎన్నడూ ప్రసంగం చేసి ఎరగడు. ప్రసంగాలను ముగించడమే ఎరుగును. రెండోది, బిడ్డ సోలో ముగిసిన క్షణాన తాను మొదలుపెట్టడం. జనం వెంట వస్తారు. వాళ్లు ఏమనుకుని వస్తారన్నది అప్పుడు ఆయనకు తట్టలేదు.

రెండో సగం ఎనిమిదికి పది నిమిషాలుండగా మొదలైంది. ఒక పాట సోలోలు లేకుండా, గబగబా, బస్సు అందుకోవాలన్నట్టుగా వాయించారు. తర్వాత ఓంప్రకాశ్ గడియారం చూసుకుని, బ్యాండుతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. అందరూ కాగితాలు తిరగేశారు. పాట మొదలైంది. కాసేపటికి వెనక వరుసలో రుచిత లేచి నిలబడింది.

"లేసింది," అంది యాదలక్ష్మి. కొంగు కొన పిడికిట్లోకి వెళ్లింది.

రుచిత బాకా ఎత్తింది. మొదటి స్వరం పెద్దదేమీ కాదు. ఎవరో వాకిట్లోంచి పేరు పెట్టి పిలిచినట్టుంది. రత్నాకర్‌కు అది లెక్కపెట్టవలసిన సమయం. బొటనవేలు చూపుడువేలి మొదటి కణుపు మీద పెట్టాడు. ఐతారం, సోమారం, మంగళారం, బుధారం.

మళ్లీ ఐతారం నాడు పడవలసిన పెద్ద దెబ్బ అయిదో రోజు, బేస్తారం నాడే పడింది.

తర్వాతది సోమారం పడింది. ఆ తర్వాతది శుక్కురారం. రత్నాకర్‌కు చెమట పట్టింది. రెండు వారాల సాధనలో ఎన్నడూ ఇలా కాలేదు. తప్పు తనదేనని, బిడ్డను చూసి మనసు చెదిరిందని నిశ్చయించుకున్నాడు. పెద్ద దెబ్బలు ఏ వారం పడినా పట్టించుకోకుండా, ఆఫీసులో వరదల రోజుల్లో కూడా రిజిస్టరు నింపినట్టుగా, వరసగా నింపుకుంటూ పోయాడు. చూపుడువేలు అయింది. నడిమివేలు అయింది. ఉంగరపువేలు అయింది. చిటికెనవేలి కొన. శుక్కురారం. శనారం.

చప్పట్లు కొట్టాడు.

రుచిత అప్పటికింకా ఒక పెద్ద పలుకు మధ్యలో ఉంది. గొట్టం సగం దూరం బయటికి వచ్చి ఉంది. హాల్లో ఒక్క క్షణం ఎవరూ నమ్మలేదు.

"రత్నం," అన్నాడు సిద్ధయ్య. "సొంత బిడ్డనే కూసోవెడుతున్నవా?"

"కొట్టు."

"ఆలోచించినవా?"

"కొట్టురా."

సిద్ధయ్య కొట్టాడు. ధర్మం ముందు సొంతా పరాయీ లేదని రత్నాకర్ నిరూపిస్తున్నాడనుకుని, రెండు వందల మంది బరువెక్కిన మనసులతో కొట్టారు. యాదలక్ష్మి మొగుడి మోచేయి పట్టి లాగింది. "ఏమయ్యా, పోరి ఇప్పుడే గదా లేసింది."

ఈ ఊరివాళ్లకు అరచేతులు లేవనే నిర్ణయానికి వచ్చిన ఓంప్రకాశ్ వెనక్కి తిరిగి చూశాడు. రుచితవైపు వేలు ఎత్తాడు, మరొక్కసారి అని. రుచిత కళ్లు తెరిచి హాలును చూసింది. మళ్లీ మొదటినుంచి అందుకుంది, ఇంకాస్త గట్టిగా.

సిద్దిపేట చరిత్రలో ఇది మొదటిసారి. అంతకుముందు కూర్చోబెట్టే చప్పట్లు పడ్డాక ఎవరూ నిలబడి ఉండలేదు. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. రత్నాకర్ మాత్రం మళ్లీ చూపుడువేలి మొదటి కణుపు దగ్గరికి వచ్చాడు. పదహారు వారాలు నిండగానే మళ్లీ కొట్టాడు. పిల్ల ఇంకా ఆపలేదు. మొదటిసారి అర్థం కాలేదేమోనని ఈసారి జనం స్పష్టంగా, ఒత్తి కొట్టారు. ఓంప్రకాశ్ రెండు వేళ్లు ఎత్తాడు.

మూడోసారికి సహనం చచ్చి, తమ ఉద్దేశంలో అనుమానానికి తావు ఉండకూడదని, వెనక వరుసలవాళ్లు లేచి నిలబడి కొట్టారు. వాళ్లను చూసి మధ్య వరుసలు లేచాయి. చివరికి సిద్ధయ్య కూడా లేచాడు. వేదిక మీదినుంచి చూస్తే రెండు వందల మంది నిలబడి చప్పట్లు కొడుతున్నారు. శాక్సఫోన్ మనిషి కళ్లు తుడుచుకున్నాడు. ఓంప్రకాశ్ గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగాడు. రుచిత చివరి స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపూ లాగి, ఆపి, కూర్చుంది.

"కూసుంది," అని జనం కూడా కూర్చున్నారు.

ఎనిమిదిన్నరకు హాలు ఖాళీ అయింది. బయట వ్యాన్‌లోకి వాద్యాలు ఎక్కిస్తున్నారు. సిద్ధయ్య వచ్చి రత్నాకర్ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏమనుకోకు రత్నం. నీ బిడ్డ గట్టిది. ఊరంత లేసి నిలవడి కూసోమన్నా కూసోలే. వకీలు గావాల్సింది."

రత్నాకర్ వ్యాన్ వైపే చూస్తున్నాడు. ఆయనకు కావలసింది ఒకే ఒక సంగతి. రుచిత పొడుగాటి పెట్టె మోసుకుంటూ వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"బాపూ, గిసొంటి జనాన్ని యాడ జూడలేదంటుండు సారు. నేను మొత్తం నాలుగుసార్లు వాయించిన. ఎవ్వలికి దొరకలే గట్ల."

"బాగ వాయించినవ్ బిడ్డా. నాకొక్కటి జెప్పు. నేను మొదలు కొట్టిన జాగ కరెక్టేనా?"

"నాలుగు రౌండ్లు ముందుగాల్నే కొట్టినవ్. ఏం గాదు."

"ముందుగాలెట్లైతది? పదహారు ఏడులు తప్పకుంట లెక్కవెట్టిన."

"ఏడులా?" అంది రుచిత, పెట్టెను వ్యాన్‌లోకి అందిస్తూ. "ఏడు దెబ్బల పాట తీసేసిన్రు బాపూ, టైం లేదని. నేను వాయించింది మామూలు నాలుగుది."